తెల్లపెట్టె చుక్కలు

శనివారం ప్రసంగానికి ముందు పూర్తి చేయాల్సినవి:

నెలవారీ సగటు పట్టికలు మరోసారి సరిచూడాలి. నూట ముప్పై రెండు నెలలు.
స్లైడ్లు ఇరవైకి తగ్గించాలి.
పదకొండో స్లైడులో చుక్కల పేజీ పెట్టాలి, కాస్త నవ్వుకోడానికి.
నీలం బాజు కురుంగ్ డ్రెస్సు ఇస్త్రీ చేయాలి.
నాన్నకి టైము చెప్పాలి.

దర్షిణి మొదటి నాలుగింటికీ టిక్కు పెట్టింది. ఐదోది మాత్రం సోమవారం నుంచి శుక్రవారం దాకా వాయిదా పడుతూ వచ్చింది. చివరికి నాన్న కిశోర్‌కుమారే ఫోను చేసి, పదింటికే కదా, మీ మామ్మ పొద్దున్నే తలంటుకుని కూచుంటానంటోంది అని చెప్పాడు. ఇక కాదనడానికి లేదు.

కిశోర్‌కుమార్ క్లాంగ్‌లో లారీ నడుపుతాడు. ఆ ఇంట్లో డిగ్రీ అన్నది చూసిన మొదటి మనిషి దర్షిణి. కూతురు కౌలాలంపూర్‌లో పెద్ద చదువుల వాళ్ళ ముందు నిలబడి మాట్లాడుతుందంటే ఆయన లీవు పెట్టుకున్నాడు, కొత్త చొక్కా కొనుక్కున్నాడు. సంతోషించాల్సిన పిల్లకే గుండెలో రాయి పడింది. దానికి కారణం ఒక చిన్న మాట.

రెండేళ్ళ కిందట మలేసియాలోని కెడా రాష్ట్రం ఉత్తరపు కొసన, థాయ్ సరిహద్దుకి దగ్గర్లో, బుకిట్ సెరాయ్ అనే పాత రబ్బరు ఎస్టేట్ గోదాంలో కొన్ని రిజిస్టర్లు దొరికాయి. ఆ ఎస్టేట్‌లో ఒకప్పుడు వాతావరణ కేంద్రం ఉండేది. రోజూ ఉదయం ఎనిమిదింటికి రాత్రి చలి ఎంత, పగటి ఎండ ఎంత అని చూసి రాసేవారు. నెలాఖరుకి సగటు కట్టి పై ఆఫీసుకి పంపేవారు. ఆ చుట్టుపక్కల అన్నేళ్ళ లెక్క మరెక్కడా లేదు. రిజిస్టర్లు విశ్వవిద్యాలయానికి చేరాయి. పరిశోధన గైడు డాక్టర్ రుబిని వాటిని దర్షిణి చేతికిచ్చి, కంప్యూటర్లోకి ఎక్కించి ఏది నమ్మదగ్గదో ఏది కాదో తేల్చమంది. ఆ ఎస్టేట్ వాళ్ళెవరైనా నీకు తెలుసా అని అప్పుడే అడిగింది.

తెలియదంది దర్షిణి.

వాళ్ళ నాన్న పుట్టింది ఆ ఎస్టేట్ లయన్లో, కూలీల ఇళ్ళ వరసలోనే. మామ్మ అక్కడే ఆఫీసు వాకిలి ఊడ్చింది, ఆ తర్వాత రబ్బరు పాలు తీసింది. అబద్ధమాడాలని ఆడలేదు దర్షిణి. అప్పుడు బల్ల చుట్టూ కూచున్న తోటి విద్యార్థులు డాక్టర్ల పిల్లలు, లాయర్ల పిల్లలు. నోటికి ముందొచ్చింది ఆ మాటే. అన్న తర్వాత దాన్ని వెనక్కి తీసుకునే రోజు ఒక్కటీ దొరకలేదు. ఒక్క ఫోను చేసి మామ్మని అడిగితే తేలిపోయే విషయాలకి ఆమె రెండేళ్ళు కాగితాల్లో వెతుక్కుంది.

వెతగ్గా దొరికింది కూడా. 1974 నుంచి 1984 దాకా పదకొండేళ్ళ అంకెల్లో చివరి స్థానంలో సున్నా గాని ఐదు గాని తప్ప ఇంకో అంకె లేదు. డిగ్రీలో పదో వంతు దాకా అంచనా కట్టి రాయాలన్నది నియమం. పైగా 1979 మార్చి అంకెలు, ఏప్రిల్ అంకెలు మొదటి తేదీ నుంచి ముప్పయ్యో తేదీ దాకా అచ్చంగా ఒకటే. కింద సంతకం పువనేశన్ అనే ఆఫీసు కిరాణిది, అంటే గుమాస్తాది. ఇవన్నీ కుర్చీలో కూచుని అల్లిన లెక్కలని దర్షిణి తేల్చేసింది. పదకొండేళ్ళూ తీసి పారేయాలని రాసింది. మొదటి పరిశోధనలోనే ఒక మోసాన్ని పట్టుకున్నానని లోలోపల పొంగిపోయింది కూడా.

రిజిస్టరు పేజీల వెనక మాసిపోయిన పెన్సిలు చుక్కలున్నాయి. అవతలి వైపు సిరా ఊరి సగం కలిసిపోయాయి. అలాంటి పేజీ ఒకటి పదకొండో స్లైడు అయింది.

శనివారం హాల్లో నలభై మంది దాకా వచ్చారు. వెనక వరసలో కిశోర్‌కుమార్, పక్కన పసుపుపచ్చ చీరలో మామ్మ కూర్మమ్మ. దర్షిణి తడబడకుండా ఇంగ్లీషులో మాట్లాడింది. పదకొండో స్లైడు రాగానే, ఈ పనివాడికి థర్మామీటరు దాకా నడిచే ఓపిక లేకపోయింది గానీ చుక్కలు పెట్టుకుంటూ కూచోడానికి మాత్రం బోలెడు తీరిక ఉన్నట్టుంది అంది. హాలంతా నవ్వింది. ఆ నవ్వులో వెనక వరసకేసి చూసింది దర్షిణి. తండ్రి నవ్వడం లేదు. ఆయనకి ఆపాటి ఇంగ్లీషు వచ్చు. కూర్మమ్మ మాత్రం కుర్చీ అంచుకి జరిగి, మెడ సాచి తెర మీదికే చూస్తోంది.

అయిపోయాక డాక్టర్ రుబిని భుజం తట్టి వెళ్ళింది. కూర్మమ్మ మెల్లిగా నడిచొచ్చి మనవరాలి మణికట్టు పట్టుకుంది.

"ఏటే అమ్మా, అందరూ అలగ నవ్వినారు?"

"ఆ బొమ్మ బాగుందని, మామ్మా."

ముసలామె ముఖం విప్పారింది. "మరి? అవి నా సుక్కలే గదా."

దర్షిణికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి చెవులు వేడెక్కాయి. చుట్టూ తన స్నేహితులున్నారు. పద మామ్మా, భోజనానికి పోదాం అని ఆమెని గబగబా బయటికి నడిపించింది. అలా నడిపించినందుకు కూడా తర్వాత సిగ్గుపడింది.

బ్రిక్‌ఫీల్డ్స్ వీధిలో ఒక హోటల్లో అరిటాకు ముందు కూచుని కూర్మమ్మ తింటూ తింటూ చెప్పుకొచ్చింది. ఆఫీసు ముందు గడ్డిలో నాలుగు కాళ్ళ మీద థర్మామీటర్లు పెట్టిన తెల్లపెట్టె ఉండేదట. చూడ్డానికి గుడిలా ఉందని కొత్తగా వచ్చినవాళ్ళు పువ్వులు పెట్టి పోయేవారట. ఎనిమిదింటికి చూడాల్సిన పువనేశన్ తొమ్మిదికి గాని వచ్చేవాడు కాదు. వాకిలి ఊడ్చే కూర్మమ్మని ఎనిమిదికి ఆఫీసు గంట కొట్టగానే చూసి గుర్తుంచుకోమన్నాడు. ఇరవై అంకె ఎలా ఉంటుందో చూపించాడు, అక్కణ్ణుంచి గీతలు లెక్కపెట్టమన్నాడు.

"నాకు సదువెక్కడిది? తలలో నిలవనేదు. ముగ్గుకి సుక్కలెట్టినట్టు ఎట్టీసినాను. పెద్ద గీతకి పెద్ద సుక్క, సిన్న గీతకి సిన్న సుక్క. ఎడం పక్క సలి, కుడి పక్క ఎండ. కిరాణి నెలాఖరుకి సూసుకుని ఒక్కసారే రాసుకునీవోడు."

చూశాక గొట్టాన్ని ఇలా విదిలించాలి అని, ఎంగిలి చెయ్యి పైకెత్తి మణికట్టుతో రెండు సార్లు విదిలించి చూపించింది. పక్క బల్ల మీద పులుసు చుక్క పడింది. పగటి గొట్టంలో పాదరసాన్ని కిందికి దింపడానికి ఎలా విదిలించాలో దర్షిణి పుస్తకంలో చదివింది. ఎప్పుడూ చేసి చూడలేదు. డెబ్బై అయిదేళ్ళు వచ్చినా ఆ చెయ్యి మరిచిపోలేదు.

కారెక్కేటప్పుడు కిశోర్‌కుమార్ తల్లి వినకుండా ఒక్క మాటన్నాడు.

"అమ్మకి ఇంగ్లీసు రాదు. అదే మేలైంది."

తిట్టి ఉంటే బాగుండునని దర్షిణికి అనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం క్లాంగ్ ఇంట్లో నేల మీద లాప్‌టాప్ పెట్టుకుని మామ్మ పక్కన కూచుంది. పేజీల వెనక వైపు ఒక్కొక్కటే పెద్దది చేసి చూసింది. వరసలు లెక్కపెట్టింది. ముప్పై ఒకటి. తర్వాతి పేజీలో ముప్పై. ఫిబ్రవరిలో ఇరవై ఎనిమిది. రెండేళ్ళు ఆ పేజీలు తిప్పిన మనిషి ఆ వరసలు ఎన్నో లెక్కపెట్టలేదు. కూర్మమ్మ తెర మీద వేలు నడుపుతూ చదువుతోంది: మూడు పెద్ద, ఒకటి సిన్న. దర్షిణి ముందు వైపు అంకె చూస్తోంది: ఇరవై మూడున్నర. కూర్మమ్మ చదివిన ప్రతి వరసా కుదిరింది. చిన్న చుక్క అంటే అర డిగ్రీ; అంకెల చివర సున్నా, ఐదు తప్ప లేకపోవడం అందుకే.

1979 ఏప్రిల్ దగ్గర మాత్రం కుదరలేదు. ఏప్రిల్ చుక్కలు మార్చి చుక్కల్లా లేవు. పువనేశన్ ఒక ఆకు తప్పు తిప్పి, మార్చి చుక్కల్నే మళ్ళీ ఎక్కించాడు. ఏప్రిల్‌ని ఎవరూ అల్లలేదు. నిజమైన ఏప్రిల్ ఆ పేజీ వెనక నలభై అయిదేళ్ళుగా అలాగే ఉంది.

1975లో ఒక చోట మూడు వరసలు ఖాళీగా ఉన్నాయి, ముందు వైపు అంకెలు మాత్రం ఉన్నాయి. అదేమిటని అడిగింది దర్షిణి.

"ఆ మూడ్రోజులూ ఎల్లనేదు. మీ నాన్న పుట్టినాడు. నాలుగో నాడు ఎల్లినాను."

పదకొండేళ్ళలో కల్పించిన రోజులు ఆ మూడే. దర్షిణి లాప్‌టాప్ మూసింది. ఇంక దాచడం తన వల్ల కాలేదు. నిన్న వాళ్ళు నవ్వింది బొమ్మ బాగుందని కాదని, ఇది ఎవడో బద్ధకస్తుడి పని అని తనే నవ్వించానని, ఆ ఎస్టేట్ మాదేనని కూడా అక్కడ ఎవరికీ చెప్పలేదని తలొంచుకుని చెప్పింది.

కూర్మమ్మ కాలి వేళ్ళ మధ్య పగుళ్ళు తడుముకుంటూ కూచుంది. ఆమెకి కష్టం కలిగిందని తెలుస్తూనే ఉంది. కలగలేదని నటించే మనిషి కాదామె.

"ఎస్టేటోళ్ళమని సెప్పుకోడానికి నీకు సిగ్గయితే నాను ఏటి సేసేది?" అంది చివరికి. "ఆ సిగ్గు నీది. నెక్క సరిగ్గున్నాదా నేదా, అది సెప్పు."

"సరిగ్గా ఉంది, మామ్మా."

"మరి అది రాయి. ఇంత సదివినావు, సుక్కలు నెక్కెట్టడం రానేదా నీకు?"

సోమవారం దర్షిణి డాక్టర్ రుబిని గదికి వెళ్ళి అంతా చెప్పింది. రుబిని కోప్పడలేదు. ముప్పై రోజుల సగటు కట్టేటప్పుడు ఆ సున్నా, ఐదుల తేడా చాలా మటుకు కరిగిపోతుందని మొదటి సెమిస్టర్లోనే చదివావు కదా, తెలియక రాశావా, తెలిసి రాశావా అని అడిగింది. తెలిసే అంది దర్షిణి. ఆ మాట అనడం శనివారం ప్రసంగం కన్నా కష్టమైంది. ప్రసంగానికి వచ్చిన నలభై మందికీ తన పేరుతో ఉత్తరం రాసింది. తర్వాతి నెల అదే హాల్లో పది నిమిషాలు అడిగి తీసుకుని, అదే పదకొండో స్లైడు పెట్టి, తప్పు ఎవరిదో, చుక్కలు ఎవరివో చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. కూర్మమ్మ రాలేదు. మొన్న చూసినాను గదా, మళ్ళీ ఏటికి అంది.

నూట ముప్పై రెండు నెలలూ పట్టికలో నిలిచాయి. ఏప్రిల్‌ని చుక్కల నుంచి కొత్తగా రాశారు. ఆ మూడు రోజులు ఖాళీగా వదిలారు. పట్టిక చివర దర్షిణి రాసిన మాటలివి:

"ఈ అంకెలు వాడుకునే వారికి మనవి. వీటి కింద ఉన్న సంతకం వీటిని చూసిన మనిషిది కాదు. పదకొండేళ్ళ పాటు, మూడు రోజులు తప్ప, ప్రతి ఉదయం వాకిలి ఊడ్చి, చీపురు పక్కన పెట్టి, తెల్లపెట్టె తలుపు తీసి చూసింది కూర్మమ్మ. ఆమెకి అంకెలు రాయడం రాదు. ఆమె పెట్టిన చుక్కలు చూసి ఒకసారి నేను నలుగురిని నవ్వించాను. మీరు వీటిని ఏ లెక్కలో కలుపుకున్నా సరే, దయచేసి ఆమెని గుర్తుంచుకోండి."