అమావాస్య నాటి రంగు

క్రాంతి కుమార్‌కు కారు పిచ్చి ఎప్పుడు పట్టిందని వాళ్లమ్మ సత్యమ్మను అడిగితే చెబుతుంది గానీ, ముందు రెండు తిట్లు తిట్టి మరీ చెబుతుంది. గద్వాలలో పుట్టి, పట్టుచీర నేయడం తప్ప మరో పని ఎరగని మనిషి అతను. వనపర్తిలో ఆజం షెడ్డు వెనక తుప్పుపట్టి పడి ఉన్న పాత స్పోర్ట్స్ కారును చూసి మనసు పారేసుకున్నాడు. రెండే సీట్లు, పొడవాటి ముక్కు, గుండ్రటి లైట్లు. ఎవరి తాతల కాలం నాటిదో ఏమో. కార్లకు రంగులు వేసే ఆజం మొదటే చెప్పాడు.

“ఇది చీర గాదు తమ్మీ. నీతోని అయితదా?”

క్రాంతి వింటేగా! లారీ మీద ఎక్కించి ఇంటికి తెచ్చేశాడు.

ఇంటి వెనక మగ్గాల కొట్టంలో ఒకప్పుడు రెండు మగ్గాలుండేవి. తండ్రి పోయాక ఆయన మగ్గం తీసేసి, దాని కింది గుంట పూడ్చేశారు. ఆ జాగాలో ఇప్పుడు కారు కూర్చుంది. దాన్ని లోపలికి తేవడానికి గోడ పగలగొట్టి వెడల్పాటి రేకు తలుపు పెట్టించాడు మన హీరో. పక్కనే సత్యమ్మ మగ్గం. ఆమె గుంట అంచున కూర్చుని, కాళ్లు గుంటలోకి జార్చి, కింద తొక్కుడు పలకలు తొక్కుతూ నేస్తుంది. కొడుకు గరుకు కాగితంతో తుప్పు గీకుతుంటే, తల్లి ముక్కు మీద కొంగు కప్పుకుని నేసేది. కొన్నాళ్లకు రంగులో కలిపే థిన్నర్ వాసనకూ అలవాటు పడిపోయింది. అలవాటు పడటమంత చెడ్డది మరొకటి లేదు.

మొదటిసారి రంగు వాకిట్లో కొట్టాడు. ఆషాఢం గాలి ఊరుకుంటుందా? రంగు ఆరేలోపు ఎర్రమట్టి తెచ్చి కారు నిండా చల్లింది. చేసిందంతా మళ్లీ గీకాల్సి వచ్చినప్పుడు క్రాంతికి ఏడుపొక్కటే తక్కువ. ఈసారి కొట్టంలోనే కొట్టాలని పట్టు పట్టాడు. పట్టుపోగు మీద దుమ్ము పడకుండా చూడటం చిన్నప్పటి నుంచీ చేస్తున్న పనే కదా. కిటికీలు బిగించాడు. వాటి మీద తడి గోనెలు వేలాడదీశాడు. తలుపు కింది సందులో పాత గుడ్డలు కుక్కాడు. మగ్గం మీది చీరకు దుప్పటి కప్పాడు. అమావాస్య నాడు మగ్గం ఆడదు కాబట్టి ఆ రోజే మంచిదనుకున్నాడు.

మొదలుపెట్టే ముందు ఆజంకు ఫోన్ చేశాడు.

“తలుపులన్ని తెర్చి కొట్టు తమ్మీ. థిన్నర్ ఆవిరి కిందికి దిగి పల్లంల కూసుంటది. జర అగ్గి గిట్ల దగ్గరికి రానియ్యకు. ఒక్క నిప్పురవ్వ చాలు” అన్నాడు ఆజం.

“సరే భాయ్, సరే” అంటూనే క్రాంతి చెంపకు భుజానికి మధ్య ఫోన్ ఇరికించుకుని, ఆఖరి గుడ్డ సందులోకి నొక్కాడు.

అయితే అమావాస్య నాడు మగ్గానికి పని ఉండదు గానీ పూజ ఉంటుంది. దీపాలవేళకు సత్యమ్మ గుంటలోకి వంగి, తొక్కుడు పలకలకు కుంకుమ పెట్టి, అక్కడే దీపం ముట్టిస్తుంది. ఆ సంగతి క్రాంతికి తెలియక కాదు. ముందే చెబితే తలుపులు తెరవమని గోల చేస్తుందని ఊరుకున్నాడు. ఆ వేళకు తానే అడ్డుపడదామనుకున్నాడు.

మధ్యాహ్నమంతా రంగు కొట్టాడు. ముక్కుకు మాస్కు ఉన్నా తల దిమ్మెక్కిపోయింది. చివరి పూత అయ్యాక బయటికొచ్చి తలుపు మూసి, పెరట్లో నులక మంచం మీద నడుం వాల్చాడు. కళ్లు మూతలు పడ్డాయి.

మెలకువ వచ్చేసరికి పొద్దు గూకింది. పక్కింటి గడప మీద దీపం వెలుగుతోంది. కొట్టం తలుపు ముందు తల్లి చెప్పులు విడిచి ఉన్నాయి.

క్రాంతి పైప్రాణాలు పైనే పోయాయి. తలుపు లాగి లోపలికి ఉరికాడు. మసక వెలుతురులో కారు నిగనిగలాడుతోంది. దాని అవతల సత్యమ్మ గుంట అంచు మీద బోర్లా పడి ఉంది. తల, చేతులు గుంటలోకి వేలాడుతున్నాయి. గుప్పిట్లో అగ్గిపెట్టె సగం తెరిచి ఉంది. గీసేలోపే ఆవిరి ఆమెను పడేసింది.

“అమ్మా! అమ్మా!”

పలుకు లేదు. రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. ఆమె మెడ వాలిపోయింది. గడప దాటుతుండగా గాలి లేచింది. క్రాంతి ఒక్క క్షణం ఆగి, తలుపును కాలితో లాగి మూశాడు. ఎందుకు మూశాడో అతనికే తెలియదని రాస్తే అబద్ధమవుతుంది. రంగు ఇంకా తడిగా ఉంది. అందుకే మూశాడు.

ఆటోలో వెళుతూ భార్య యామినికి ఫోన్ చేసి, అమ్మ పడిపోయిందని మాత్రం చెప్పాడు. ఆమె వడ్డేపల్లి బడిలో టీచరు. బస్సు దిగి నేరుగా దవాఖానకు వస్తానంది.

సత్యమ్మకు ఆక్సిజన్ పెట్టారు. కాసేపటికి కళ్లు తెరిచింది. ప్రాణానికి ఫరవాలేదన్నాడు డాక్టరు. క్రాంతి మందులు తెచ్చేసరికి ఆమె పక్కన ఎవరూ లేరు.

“యామిని ఇంక రాలేదా?”

“వచ్చింది. ఇంటికి పంపిన” అంది సత్యమ్మ, మాస్కు పక్కకు జరిపి. “అమావాస్య దీపం తప్పొద్దు గద బిడ్డా. మగ్గంకాడ ముట్టించి రా పో అని జెప్పిన.”

క్రాంతి చేతిలోని మందులు కింద పడ్డాయి. ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగింది. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. బిగించిన కిటికీలు, కుక్కిన గుడ్డలు, స్వయంగా మూసి వచ్చిన తలుపు ఒక్కొక్కటే కళ్ల ముందుకొచ్చాయి. మళ్లీ చేశాడు.

“ఏందయ్యా, ఊకె చేస్తున్నవ్?” యామిని దగ్గుతోంది.

“అగ్గి ముట్టియ్యకు! బయటికి రా! బయటికి రా యామినీ!”

“బయటనే ఉన్న. తలుపు తియ్యంగనే కండ్లు మండినయ్. కిటికీలన్ని తెరిచి, దీపం ఇంటి ముందటి గడప మీదనే పెట్టిన. గాలికి నీ కారు నిండ ఎర్రమట్టి పడ్డది మరి. తిడితే తిట్టు పో, నేనేం జేయాలె!”

క్రాంతి నేల మీద కూలబడి ఏడ్చేశాడు. నర్సు వచ్చి చూసిపోయింది. అతను కళ్లు తుడుచుకుని, మంచం దగ్గరికి జరిగి, తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

“యామిని మంచిగనే ఉందమ్మా. ఏం గాలేదు.”

సత్యమ్మ మళ్లీ మాస్కు పక్కకు జరిపింది.

“నువ్వు నన్ను ఎత్తుకొని పోతుంటే నాకు జర తెలివున్నది కొడుకా,” అంది మెల్లగా. “ఆగి తలుపు మూసినవ్.”