మొదటి స్టాండు

జెరాక్సు వంకరగా వచ్చిందన్న గొడవ ఆ ఇంట్లో మూడో రోజుకు చేరింది. పెద్దకోడలు వయొలిన్ స్వరాల కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, నాలుగో వరుస మధ్యలో గీతలు మెలిక తిరిగాయనీ, ఏ స్వరం ఏ గీత మీద ఉందో రాసినవాడు కూడా పోల్చుకోలేడనీ అంటోంది. తను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో ఆ జెరాక్సు తీసిన చిన్నకోడలికి అదే కాగితంలో ఏ వంకరా కనబడటం లేదు.

"మీ షాపు మిషను పాతదై ఉంటుంది. కళ్ళజోళ్ళ రసీదులకి పనికొస్తుందేమోగానీ, సంగీతానికి పనికిరాదు," అంది పెద్దకోడలు.

"మూడుసార్లు తీశానక్కా. మూడూ వంకరేనా?"

బల్ల దగ్గర చిక్కుళ్ళు వలుస్తున్న అత్తగారు తలెత్తకుండానే, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అన్నారు. ఎవర్నన్నారో తెలియలేదు. తోడికోడళ్ళిద్దరూ తమనే అనుకుని మూతులు ముడుచుకున్నారు. అన్నదమ్ములిద్దరూ మాత్రం గొడవ మొదలైన నిమిషంలోనే కారు కడిగే నెపంతో బయటపడ్డారు. ఆ వారంలో కారు మూడుసార్లు తళతళలాడింది.

నిజానికి గొడవ జెరాక్సు గురించి కాదు, కుర్చీ గురించి. ఆ పేటలో నలభైమంది కలిసి నడుపుకునే ఆర్కెస్ట్రా ఒకటి ఉంది. పళ్ళ డాక్టరూ, బస్సు డ్రైవరూ, ఇద్దరు నర్సులూ, ఇలా రకరకాల ఉద్యోగాల వాళ్ళు శనివారం పొద్దున లైబ్రరీ మేడమీది హాల్లో సాధన చేస్తారు. వయొలిన్ వాళ్ళు కాగితాలు పెట్టుకునే స్టాండుకి ఇద్దరు చొప్పున కూర్చుంటారు. లోపలి వైపు మనిషి పేజీ తిప్పాలి, బయటి వైపు మనిషి ఆపకుండా వాయిస్తూనే ఉండాలి. మొదటి స్టాండు బయటి కుర్చీ తొమ్మిదేళ్ళుగా పెద్దకోడలిది. ఇంట్లో ముందు గదిలో పిల్లలకు పాఠాలు కూడా చెబుతుంది. చిన్నకోడలు ఆ ఇంటికొచ్చాకే ఆవిడ దగ్గర కమాను పట్టడం నేర్చుకుంది. చివరి వరుసలో మొదలుపెట్టి ఒక్కో స్టాండూ ముందుకు జరిగి, అక్క పక్క కుర్చీ చేరడానికి ఆరేళ్ళు పట్టింది. చేరి నాలుగు నెలలు కాలేదు, వరసగా మూడు వారాలు ఆ స్టాండే తడబడింది. అదీ ఒకేచోట. ఆర్కెస్ట్రా మొత్తం ఆగిపోయి, వాళ్ళిద్దరే అందుకోవలసిన చోట.

పేజీ ఆలస్యంగా తిరుగుతోందని, జెరాక్సులు కూడా బాగాలేవని పెద్దకోడలు ఆర్కెస్ట్రా నడిపించే మాస్టారికి చెప్పింది. ఈ ఆదివారమే కచేరీ. ఈ శనివారం కూడా తప్పితే ఒకరు చివరి వరుసకు వెళ్ళాలని మాస్టారు తేల్చేశారు. ఎవరో చెప్పలేదు గానీ, పేజీ తిప్పే మనిషేనని అందరికీ ముందే తెలిసినట్టే ఉంది.

శనివారం సాధనకు వెళ్ళగానే చిన్నకోడలు సంగీతం బీరువా కాపలా చూసే రిటైర్డు పోస్టుమాస్టరు వెంటపడింది. జెరాక్సులకు మూలమైన అచ్చు పుస్తకాన్ని బీరువా దాటనివ్వకపోవడం ఆయన నియమం. ఈ ఒక్కపూట ఇవ్వకపోతే తన కుర్చీ పోతుందని బతిమాలితే, కాఫీ మరక పడితే ఊరుకోనని రెండుసార్లు హెచ్చరించి ఇచ్చాడు. అది తెచ్చి స్టాండు మీద పెట్టింది. ఇక మిషన్ని అనడానికి వీల్లేదు. పెద్దకోడలు మెడ కొంచెం పక్కకు వంచి కూర్చుంది.

ఆ చోటు దగ్గరపడుతున్నకొద్దీ చిన్నకోడలు మనసులో లెక్కపెట్టుకుంది. సరిగ్గా సమయానికి పేజీ తిప్పి కమాను తీగ మీద ఆనించింది. హాలంతా నిశ్శబ్దమైంది. ఇద్దరూ అందుకున్నారు. పెద్దకోడలి స్వరం ఒక మెట్టు కిందపడింది, తర్వాతది ఇంకో మెట్టు, ఆ పైన కమాను ఆగిపోయింది. మాస్టారు చేతిలోని తాళం వేసే పుల్ల కింద పెట్టారు.

పెద్దకోడలు వంగి కమాను కొసతో చూపిస్తూ గుసగుసగా అంది: "అచ్చులోనే తప్పుంది చూడు. ఇక్కడ, మధ్యలో వంకర." కొసని పై వరుసకు జరిపింది. "ఇదిగో, ఇప్పుడిక్కడ కూడా."

చూపు ఎటు పోతే వంకర అటు పోతోంది. చిన్నకోడలికి తన షాపు గుర్తొచ్చింది. అక్కడ డాక్టరుగారు గళ్ళ అట్ట ఒకటి పట్టించి, ఒక కన్ను మూసుకోమని, గళ్ళు ఎక్కడైనా వంగాయా అని అడుగుతారు. వంగాయన్న వాళ్ళని ఫ్రేములు చూసుకోమనరు, కంటి లోపలే తేడా ఉందని ఆ పూటే పెద్దాసుపత్రికి పంపేస్తారు. ఆ అట్టని తనే ఎంతమందికి పట్టిందో లెక్కలేదు. ఇంట్లో మూడు రోజులుగా అదే మాట చెవినపడుతున్నా, మిషన్ని వెనకేసుకురావడంలోనే ఉండిపోయింది.

"తప్పెవరిది?" అని అడిగారు మాస్టారు.

నిజం చెబితే కుర్చీ దక్కుతుంది. కానీ చెవులన్నీ ఇటే ఉన్నాయి, అక్క దగ్గర నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు నలుగురు అందులోనే ఉన్నారు.

"నాదే మాస్టారూ. పేజీ ఆలస్యంగా తిప్పాను."

పేజీ సమయానికే తిరగడం వెనక స్టాండులో పళ్ళ డాక్టరు చూశాడు. కళ్ళు దించుకుని తన వయొలిన్ తీగలు సవరించుకున్నాడు. మాస్టారు చివరి వరుస చూపించారు. ఆమె వయొలిన్ తీసుకుని, అందరి మోకాళ్ళూ తప్పించుకుంటూ వెళ్ళి కూర్చుంది.

సాధన అయ్యాక మెట్ల మీద అక్కని ఆపింది.

"గీతలు నిటారుగానే ఉన్నాయక్కా. జెరాక్సులోనూ, అచ్చులోనూ."

"మరి నాకెందుకు..."

చిన్నకోడలు అరచేత్తో ఆవిడ కుడికన్ను మూసి, ఎదురుగా కిటికీ ఊచలు చూడమంది. బాగానే ఉన్నాయంది. ఎడమకన్ను మూసింది. పెద్దకోడలు చప్పున ఆ చెయ్యి పట్టుకుంది, చాలాసేపు వదల్లేదు.

"నెల దాటింది. అందరూ వాయించే చోట చెవితో నెట్టుకొచ్చాను. లైటు సరిగా లేదనుకున్నాను," అంది చివరికి. తర్వాత, "అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"నలభైమంది ముందు చెప్పే మాటా అది?"

పెద్దకోడలు వెనక్కి తిరిగి మెట్లెక్కింది. పది నిమిషాలకు దిగివచ్చింది. పైన ఏం మాట్లాడిందో ఈవిడ అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. ఇంతకీ వంకర ఎవరిదని తేలిందని అత్తగారు వడ్డిస్తూ అడిగారు. పెద్దకోడలు చెయ్యి కడుక్కుని వచ్చి, మంచినీళ్ళు అడిగినంత మెల్లగా అంది:

"నా కుడికంట్లో ఏదో తేడా ఉంది. ఇప్పుడు నేనూ చెల్లీ ఆసుపత్రికి వెళ్తున్నాం. రేపు కచేరీలో నేను వాయించను, నా కుర్చీలో తను కూర్చుంటుంది. మాస్టారికి చెప్పేశాను."