ఆర్విల్ టటిల్ అడిగిన తప్పు

పాత బేస్‌బాల్ ఆటగాళ్ల రికార్డులు కాచుకుని కూర్చునే పని నాది. ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నాను, ముప్ఫై ఏళ్లుగా అబద్ధాలు వింటున్నాను. ఒహాయోలోని మా చిన్న లీగులో ఒకప్పుడు ఆడామని చెప్పుకునే ముసలివాళ్లందరూ నిజంగా ఆడి ఉంటే ఒక్కో టీములో నాలుగు వందల మంది ఉండాలి. వచ్చిన ప్రతివాడూ తన పేరు పక్కన ఇంకో రెండు హిట్లు, అంటే బంతిని కొట్టి బేసు చేరిన దెబ్బలు, వేయమంటాడు. నాకు ఒళ్లు మండిపోతుంది.

1957 మార్చిలో, మా లీగు చరిత్ర పుస్తకం అచ్చుకు వెళ్లడానికి పది రోజుల ముందు, ఆర్డిత్ అనే ఆవిడ నా ఆఫీసుకు వచ్చింది.

"మా నాన్న పేరు ఆర్విల్ టటిల్ అండీ. 1909లో హార్లన్ ఫాల్స్ టీముకి ఒక్క ఆట ఆడారు. మీ రికార్డుల్లో పేరు లేదట."

"లేదంటే ఆడలేదనేనమ్మా."

"మారుపేరుతో ఆడారు. జాక్ కింగ్ అని."

కొట్టిపారేసే మాట కాదు. ఆ రోజుల్లో కాలేజీ కుర్రాడు డబ్బు తీసుకుని బయట ఆడితే కాలేజీ టీములోంచి తీసేసేవారు. అందుకని వేసవి సెలవుల్లో చాలామంది మారుపేర్లతో ఆడేవారు. జాక్ కింగ్ నా రిజిస్టరులో ఉన్నాడు: ఒక ఆట, రెండు హిట్లు, తప్పులు (బంతి పట్టడంలోనో విసరడంలోనో చేసే పొరపాట్లు) సున్నా. కాకపోతే ఆ జాక్ కింగ్ నేనేనంటూ ఇప్పటికే ఇద్దరు వచ్చి, రెండు ప్రశ్నలకే నీళ్లు నమిలి వెళ్లిపోయారు.

"మంగలి షాపులో నలభై ఏళ్లుగా ఏడిపిస్తున్నారండీ. 'ఏం ఆర్విల్, ఇవాళ ఏ పేరుతో గడ్డం గీయమంటావ్?' అంటారు. ఆయనకి గుండె బాగాలేదు. ఆ పేరొక్కటి పుస్తకంలో చూసుకుంటే..." ఆదివారం చర్చి అయ్యాక వస్తానని ఒప్పుకున్నాను.

ఆర్విల్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. కాఫీ తనే పోశాడు.

"కూర్చోవయ్యా మిల్టన్. నేను చేసిన తప్పొకటి మీ పుస్తకంలో ఇంకొకడి పేరు మీద ఉంది. అది నాకు వెయ్యాలి."

"హిట్లు కాదూ?"

"హిట్లెవడికి కావాలి! రెండు కొట్టా. అందులో ఒకటి గుడ్డిదెబ్బ."

తరువాత ఆయన చెప్పింది ఇది.

"తొమ్మిదో ఇన్నింగ్సు, చివరిది. వాళ్లలో ఇద్దరు అవుటయ్యారు, ఇంకొకడు అవుటైతే గెలుపు మాదే. వాళ్ల మనుషులు ఇద్దరు బేసుల మీద ఉన్నారు. వాళ్ల క్యాచర్ బ్యాటుకి దిగి బంతిని నేలబారుగా కొట్టాడు. మా థర్డ్ బేస్‌లో ఎమిల్ హ్రుస్కా ఉన్నాడు. పట్టి, ఫస్ట్ బేస్‌లో ఉన్న నాకు విసిరాడు. తిన్నగా, రొమ్మెత్తున. పట్టుకుంటే కొట్టినవాడు అవుటే. బంతి రాకముందే గెలిచేశామని నేను గంతేశాను. గ్లవ్ అంచుకి తగిలి కిందపడింది. వాళ్లకి రెండు పరుగులొచ్చాయి, ఓడిపోయాం. స్కోరరు కళ్లల్లో ఎండ. ఎమిల్ వంకరగా విసిరాడని రాసేశాడు. మేనేజరూ అదే నమ్మాడు. ఎమిల్ నా వైపు చూశాడయ్యా. నేను నోరు విప్పలా. విప్పితే ఈ జాక్ కింగ్ ఎవడని పేపరువాళ్లు ఆరా తీస్తారని భయం. మర్నాడు పొద్దున హోటల్లో తింటుంటే మేనేజరు వచ్చి వాడి చేతిలో రైలు టికెట్టు పెట్టాడు. వాడు గుడ్లు సగం తిని వదిలేసి లేచిపోయాడు. తరవాత బొగ్గుగనిలో చేరాడట. మళ్లీ ఆడలేదు. పోయి పదేళ్లయింది."

"మరి మీరు?"

"ఆ మధ్యాహ్నమే మూట సర్దుకుని పారిపోయా."

ఆనాటి పేపర్లలో ఆట మొత్తం స్కోరే తప్ప ఈ వివరాలేవీ పడలేదు. అవి ఉన్నది నా బీరువాలో, స్కోరరు చేత్తో రాసిన పుస్తకంలో మాత్రమే. వచ్చేముందు అది చూసుకునే వచ్చాను. కొట్టిన క్యాచర్, ఇద్దరు అవుటు, రెండు పరుగులు, హ్రుస్కా తప్పు, ఆ సీజనులో అతనికి తొమ్మిదోది. అన్నీ సరిపోయాయి. నా ఎదురుగా ఉన్నది జాక్ కింగే.

"మీ పేరు వేస్తాను," అన్నాను. "తప్పు మాత్రం మార్చలేను. స్కోరరు తీర్పు మీద మేం చెయ్యి వేయం."

"అయితే నా పేరూ వెయ్యొద్దు."

"నాన్నా!" అంది ఆర్డిత్.

"నువ్వూరుకోవే. నా పేరు పక్కన సున్నా పెట్టుకుని, నా తప్పు వాడి పేరు పక్కనే ఉంచమంటావా? నలభై ఎనిమిదేళ్లు అలాగే ఉంచా. చాలు."

ఇంటికి వెళ్తూ దారంతా ఆయన్ని తిట్టుకున్నాను. ముసలాయన మొండితనానికి నా నియమం ఎందుకు వదులుకోవాలి? మూడు రోజులు అలాగే గింజుకున్నాను. హిట్ల కోసం నన్ను కాల్చుకుతిన్నవాళ్లందరూ గుర్తొచ్చారు. తప్పు నాకు వెయ్యమని అడిగినవాడు ఈయనొక్కడే. నాలుగో రోజు రబ్బరు తీసుకుని, నా ఉద్యోగంలో మొదటిసారి, రెండు అంకెలు చెరిపి మళ్లీ రాశాను. ఇందుకు నన్ను తిట్టేవాళ్లు తిట్టవచ్చు.

జూన్‌లో పుస్తకం వచ్చింది. నేనే స్వయంగా మంగలి షాపుకు తీసుకెళ్లాను. ఆర్విల్ కుర్చీలో ఉన్నాడు, ముఖానికి సగం నురగ. మంగలి పుస్తకం లాక్కుని పైకి చదివాడు.

"టటిల్, ఆర్విల్. ఒక ఆట. రెండు హిట్లు. ఓరి నీ... నిజంగానే ఆడావటయ్యా!" అంతలోనే పగలబడి నవ్వాడు. "ఒక తప్పు! ఉన్నదే ఒక్క ఆట, అందులోనూ తప్పేనా!"

షాపంతా నవ్వింది. ఆర్విల్ నవ్వలేదు. పుస్తకం అందుకుని, తన పేరు ఉన్న పేజీ చూడకుండానే వెనక్కి తిప్పి, హ్రుస్కా పేరు దగ్గర ఆగాడు. వరస వెంట వేలు జరుపుతూ చివరనున్న తప్పుల అంకె దగ్గర ఆపాడు.

"ఎనిమిది," అన్నాడు. నురగ మీదుగా కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. "ఎనిమిదేరా, ఎమిల్."