గురమ్మ వంక పెట్టని రోజులు

హేమ అత్తకి కూడు సరిగ్గా పెట్టడం లేదని ఎదురింటి అమ్మడు అన్నదట. హేమ ముందు కాదు, కుళాయి దగ్గర. విన్నది పక్కింటి గౌరి. నిండిన బిందెని అక్కడే వదిలేసి పరుగున వచ్చింది.

“నానన్న మాట కాదొదినా, అమ్మడన్న మాటే. ‘గురమ్మ సిక్కి సగమైపోనాది, కోడలు టవునుది కదా, కొలిసి పెడతన్నాది గావాల’ అంది. నాకైతే ఒళ్లు మండిపోనాది.”

ఒళ్లు మండినావిడ ఆ మాటలో ఒక్క ముక్క కూడా దారిలో జారిపోకుండా జాగ్రత్తగానే మోసుకొచ్చింది. హేమ నవ్వేసి ఊరుకుంది గానీ, గౌరి వెళ్లాక చీపురు పట్టుకుని చాలాసేపు ఒక్కచోటే ఊడ్చింది.

గురమ్మ చిక్కిపోయిన మాట నిజమే. ఆషాఢంలో మావగారు జగన్నాధం పోయిన దగ్గర్నుంచి, రెండు నెలల్లో, రవికె భుజాల మీంచి జారిపోతోంది. పెట్టక కాదు. పెట్టిన కంచంలో నాలుగు మెతుకులు కెలికి, “బాగుందమ్మా” అని చెయ్యి కడిగేసుకుంటోంది.

ఆ బాగుందమ్మాకే హేమ హడలిపోతోంది.

గురమ్మ పుట్టి బుద్ధెరిగాక ఒక్క వంటని బాగుందన్న పాపాన పోలేదు. పదకొండేళ్ల కిందట హేమ విజయనగరం నుంచి కాపురానికి వచ్చి మొదటిసారి పులుసు పెడితే, ఒక్క గుక్క తాగి, “ఇది పులుసా పిల్లా, పశువులకెట్టే కుడితా?” అంది. హేమ పశువుల సాలలోకి పోయి ఆవు మెడ పట్టుకుని ఏడ్చింది. జగన్నాధం గడ్డి వెయ్యడానికి వచ్చినట్టే వచ్చి, గడ్డి వేస్తూనే చెప్పాడు.

“గిన్నె సూసినావా అమ్మా? కాళీ. మీ అత్త వంక పెట్టిందంటే తిన్నాదని. నలభై ఏళ్లు నానూ ఇలగే వొండించుకు తిన్నాను, ఇలగే తిట్టించుకు తిన్నాను. ఎప్పుడైనా బాగుందందనుకో, అప్పుడు డాక్టర్ని పిలు.”

ఇప్పుడు పూటకోసారి అంటోంది. డాక్టర్నీ పిలిచారు. బీపీ చూశాడు, సుగర్ చూశాడు, బాగుందన్నాడు. ఆయనా అదే మాట.

మొన్న హేమ ఉండబట్టలేక ఒక పని చేసింది. ఆనపకాయ పులుసులో ఉప్పు రెండింతలు వేసింది. మొగుడు గిరిబాబు మొదటి ముద్దకే పొలమారి, చెంబెడు నీళ్లు తాగాడు.

“ఏటే ఇది, సముద్రం తోడుకొచ్చి వండినావా?”

హేమ అతని వంక చూడలేదు. అత్త వంకే చూస్తోంది. గురమ్మ ఇంకో ముద్ద మింగింది. “బాగుందమ్మా” అని లేచింది.

“పోనీలెద్దూ, మీద పడి కరవడం మానీసింది. సుకంగా ఉన్నావు కదా,” అన్నాడు గిరిబాబు.

“మీ అమ్మ కరిస్తేనే నాకు సుకం. అమ్మా అంటన్నాది నన్ను, సుట్టాన్ని పిలిసినట్టు. పిల్లా అని ఎన్నాళ్లయింది?”

గిరిబాబు మజ్జిగ అడిగాడు.

భాద్రపదం వచ్చిందంటే, ఆ ఊళ్లో పొద్దున్నే ఎవరో ఒకరింట్లోంచి తాటిపండు వాసన వస్తుంది. ఆ వాసన గోడలకీ తడికలకీ ఆగేది కాదు. ఆవేళ గౌరి ఇంట్లోంచి వచ్చింది. అరుగు మీద పడుకున్న గురమ్మ ముక్కు కొంచెం ఎగబీల్చి, మళ్లీ గోడ వైపు తిరిగిపోయింది. హేమ అది చూసింది.

ఏటా జగన్నాధం తెల్లారకుండా పొలం గట్టుకి పోయి, తువ్వాల్లో పండు మూట కట్టుకొచ్చేవాడు. గురమ్మ రొట్టె కాల్చేది. కాల్చినంతసేపూ పండుకి తీపి లేదనేది, తిన్నంతసేపూ మొగుడికి కళ్లు లేవనేది. ఆయన టెంకలన్నీ గడ్డివాము పక్కన వరసగా పాతేవాడు. చలికాలం వచ్చేసరికి అవి మొలకలేసి గేగులయ్యేవి, తేగలంటారే అవి. తవ్వి, కుండలో ఉడకబెడితే, గురమ్మ ఎండలో కూర్చుని ఒక్కోటీ ఈనె తీసి నమిలేది. అప్పుడూ వంకే.

మర్నాడు తెల్లారగట్ల హేమ గట్టుకి బయల్దేరింది. గట్టు మీద నాలుగు తాటిచెట్లున్నాయి. ఏది మంచిదో మావగారికి తెలుసు గానీ, చెప్పి పోలేదు. పక్క చేలో నీళ్లు కడుతున్న గంగులు తలెత్తాడు.

“ఏటి పిల్లా, నువ్వొచ్చినావు?”

“తాటిపండుకి, మావా.”

“మూడూ సేదు. కొనసెట్టొకటే తీపి. మీ మావ దాని కిందే కూకునీవోడు.”

“గెడకర్ర తెచ్చినాను. కోసీనా?”

“కోస్తే ఏటొస్తాది, అదీ సేదే. దానంతట అది రాలాల. కూకో.”

కొనచెట్టు కింద ఒక రాయి ఉంది, కూర్చుని కూర్చుని నున్నబడిపోయింది. పక్కనే చెట్టు బెరడు పగులులో నమిలిన వేపపుల్ల ఒకటి, ఎండి కట్టెయిపోయి, దోపి ఉంది. మావగారిదే. హేమ దాన్ని తీద్దామని చెయ్యి చాపి, తియ్యలేదు. వరి ఆకుల మీద మంచు దిగి ఉంది. గట్టు పొడుగునా రెల్లు తెల్లబడుతోంది. పైన మట్టలు గరగరలాడినప్పుడల్లా లేచి నిలబడింది. నాలుగోసారి దబ్బున పడింది. నల్లటి పండు, పక్కన పగిలి, లోపల పసుపు. హేమ చెంగులో వేసుకుంది, పసిపిల్లని ఎత్తుకున్నట్టు.

ఇంటికొచ్చి తొక్క ఒలిచింది. అత్తయితే బుట్ట బోర్లించి దాని వీపు మీద రుద్ది గుజ్జు తీసేది. హేమకి ఆ బుట్ట దొరకలేదు. స్టీలు జల్లెట్లో వేసి పామింది. నూకా బెల్లమూ కలిపి, మందపాటి గిన్నెలో పోసి, గ్యాసు మీద సన్నసెగన పెట్టింది. అడుగు మాడకుండా గంటసేపు కాపలా కాసింది. గిరిబాబు పొలం వెళ్లడం మానేసి గుమ్మంలో చతికిలబడ్డాడు. వాసనకి గౌరి కూడా వచ్చేసింది, ఖాళీ గిన్నెతో.

గురమ్మ ఒళ్లో పళ్లెం పెట్టింది హేమ.

గురమ్మ ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. ఎంతసేపు నమిలిందో. పళ్ల సందులోంచి పీచు ఒకటి లాగి, ఎండకేసి చూసి, పారేసింది.

“కొనసెట్టుదేనా?”

“ఆ, అత్తా. రాలినదే.”

ఇంకో ముక్క తుంచింది. ఇంకోటి. పళ్లెంలో పొడి కూడా వేలితో అద్దుకుంది.

“ఎలగున్నాది పెద్దమ్మా?” గౌరి ఆగలేకపోయింది.

గురమ్మ మెడ చాపి గడ్డివాము వైపు చూసింది. పొయ్యి వైపు చూసింది.

“ఒలే పిల్లా, టెంకలేవి?”

“పెంట మీద పడీసినాను అత్తా. ఈయేడు పాతేదెవరు, తవ్వేదెవరని...”

“పెంట మీదా! నీకెవరు సెప్పినారు? మీ మావ పోతే నా పళ్లు కూడా ఊడిపోనాయేటి? రొట్టె నిండా పీచే, బెల్లం సాల్లేదు, అయినా తిన్నాను కదా. పో, ఏరుకొచ్చి పాతు. గేగుల్లేకపోతే సలికాలం నానేటి తినాల, నీ తలకాయా?”