బుల్లి జబ్బు

తమ్ముడి కాలికి సాక్సు తొడుగుతుంటే అది తన చేతిలోంచి ఎప్పుడు జారిపోయిందో థోరాకు తెలియలేదు. వేళ్ళు ఇంకా పట్టుకునే ఉన్నాయనుకుంది. మంచం అంచున కూర్చున్న ఎర్లెండ్ కింద పడ్డ సాక్సును చూశాడు, అక్క ముఖం చూశాడు. ఆమె దాన్ని తీసి తొడిగి, అతని చేతులు తన మెడ చుట్టూ వేసుకుని, మోకాళ్ళకు మోకాళ్ళు ఆనించి, రోజూ లేపినట్టే లేపింది. చక్రాల కుర్చీ వైపు తిరుగుతుండగా ఆమె ఎడమ కాలు మడత పడింది. ఇద్దరూ వెనక్కి మంచం మీద పడ్డారు. నేల మీద పడి ఉంటే అతని తుంటి ఎముక విరిగేది.

"డాన్సు నేర్చుకుంటున్నావా ఏంటక్కా?" అన్నాడు ఎర్లెండ్. నవ్వలేదు.

వంటింట్లోంచి భర్త రోనల్డ్ కేక వేశాడు. "ఓడ మనకోసం ఆగదు తల్లీ. ఏం చేస్తున్నారక్కడ?"

రెండోసారి పళ్ళు బిగించి లేపింది. కుర్చీలో కూర్చోబెట్టాక గోడ పట్టుకుని కాసేపు నిలబడింది. కాలు నిలదొక్కుకున్నాకే బయటికొచ్చింది.

ఎమ్మెస్ అంటే ఈ దీవుల్లో ఎవరూ గుడ్లు తేలేయరు. నరాల మీది పొర అరిగిపోయే ఈ జబ్బు ఉన్నవాళ్ళు ప్రతి చుట్టరికంలోనూ ఒకరో ఇద్దరో ఉంటారు. థోరా పుట్టిన డ్రీవర్ల ఇంట్లో మాత్రం అక్కకూ తమ్ముడికీ ఇద్దరికీ వచ్చింది. మొదట్లో చూసిన పాత డాక్టరు వెళ్తూ వెళ్తూ ఒక మాట అన్నాడు. ఇది ఆడవాళ్ళకు ఎక్కువగా వస్తుంది, కానీ మగవాళ్ళలో తొందరగా ముదురుతుంది అని. ఆ రోజు రోనల్డ్ ఆమెను దగ్గరికి తీసుకుని, "హమ్మయ్య, నీది బుల్లిదన్నమాట," అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి, అబద్ధం చెప్పకూడదు. ఆ ముద్దుమాటే తరవాత తరవాత ఇంటి చట్టమై కూర్చుంది. ఎర్లెండ్‌ది పెద్ద జబ్బు, థోరాది బుల్లి జబ్బు. పెద్ద జబ్బుకు సేవ కావాలి, ఆ సేవ చేయడానికి బుల్లి జబ్బు ఉండనే ఉంది. ఆవులు ఈనే రాత్రుళ్ళు కొట్టంలో ఉండాల్సింది ఆమే, తల్లి జెస్సీ మోకాళ్ళకు మందు రాయాల్సింది ఆమే, బడి వంటగదిలో పొద్దుటి పని మానకూడనిదీ ఆమే. అలసటగా ఉందంటే తల్లి, "వాణ్ణి చూసైనా సిగ్గుపడవే. నీకు మీ నాన్న పోలిక, గట్టి ప్రాణం," అనేది. అలసటకు సిగ్గెందుకో థోరాకు ఎప్పుడూ అర్థం కాలేదు. అర్థం కాకపోయినా సిగ్గుపడేది, అదే ఆమెకు ఇప్పుడు ఒళ్ళు మండిస్తోంది.

టౌను ఆస్పత్రికి వెళ్ళే ఓడలో రోనల్డ్ టీ కోసం పైకి వెళ్ళాడు. కిటికీ పక్కన కుర్చీకి బ్రేకు వేసుకుని ఎర్లెండ్ సముద్రం చూస్తున్నాడు.

"పొద్దుటి సంగతి డాక్టరమ్మకి చెప్తావా?"

"చెప్పొద్దా?"

"చెప్తే నన్ను టౌన్లో ఆ రోగుల హోంలో పడేస్తారక్కా. కిటికీ తీస్తే కార్లు తప్ప ఏం కనపడవు. నాకక్కడ ఊపిరాడదు."

"బావని లేపమనొచ్చుగా."

"బావకి నడుం నొప్పిగా."

"నిన్న దూడని ఎత్తి ట్రైలర్లో వేశాడు మీ బావ."

ఎర్లెండ్ మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. ఆమె అతని ముందుకు వంగింది.

"నా కాలి సంగతి నీకెప్పట్నించి తెలుసు?"

"ఎండాకాలం నించి."

"మరి అనలేదే?"

"అంటే నన్ను లేపడం మానేస్తావుగా."

అంత నిజాయితీగా చెప్పినందుకు అతన్ని కొట్టాలనిపించింది, కౌగిలించుకోవాలనిపించింది. చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన తమ్ముడు. వాణ్ణి హోంలోకి తోసిందన్న మాట తల్లి తను చచ్చేదాకా అంటూనే ఉంటుంది. రోనల్డ్ టీ తెచ్చాడు. థోరా ఆ కప్పును రెండు చేతులతో పట్టుకుంది, పట్టుకున్నానో లేదో కళ్ళతో చూసుకుంటూ.

ఆస్పత్రిలో కొత్త డాక్టరమ్మ ఎర్లెండ్‌ను నింపాదిగా పరీక్షించింది. అది కాగానే రోనల్డ్ కోటు తీసుకుని లేచాడు. "ఈవిడది మామూలేనండీ. బుల్లిది."

"బుల్లిదంటే?"

"అదేనండి, ఆడవాళ్ళకు మెల్లిగా ముదిరేది. పాత డాక్టరుగారే చెప్పారు."

"ఆయన చెప్పింది వేలమందిని కలిపి చూసిన సగటు," అంది డాక్టరమ్మ. "ఈవిడ సగటు కాదుగా, ఈవిడ ఈవిడే."

థోరా గొంతు సవరించుకుంది. "పోయినసారి మా ఇద్దరి రక్తం తీసుకున్నారు కదండీ, జన్యువుల పరిశోధనకని. అందులో నాది మెల్లిగా ముదిరే రకమని తేలిందా?"

"జబ్బు త్వరగా ముదరడానికి జన్యువుల పాత్ర కొంత ఉందని తెలుస్తోంది. అది ఆడా మగా ఇద్దరిలో ఒకేలా పనిచేస్తుందా అన్నది ఇంకా వెతుకుతున్నాం. కానీ రక్తం చూసి మీ ఒంటి సంగతి నేను చెప్పలేనమ్మా. మీరే చెప్పాలి. కొత్తగా ఏమన్నా తేడా ఉందా?"

"ఏం లేదండి," అన్నాడు రోనల్డ్.

డాక్టరమ్మ అతని వైపు చూడకుండా థోరాను బల్ల మీద పడుకోమంది. ఆమె బల్ల దాకా నడిచిన తీరు చూసి, ఎడమ బూటూ సాక్సూ తీయించి కళ్ళు మూసుకోమంది. "బొటనవేలు పైకి వంచుతున్నానో కిందికి వంచుతున్నానో చెప్పండి."

థోరా కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. హీటరు చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు. చాలాసేపటికి, "మొదలుపెట్టండి, నేను సిద్ధమే," అంది.

"అయిపోయిందమ్మా," అంది డాక్టరమ్మ మెల్లిగా.

కళ్ళు తెరిచింది. ఆమె వేలు ఇంకా డాక్టరమ్మ చేతిలోనే ఉంది. రోనల్డ్ ఆ వేలునే చూస్తున్నాడు, కోటు వేసుకోవడం మరిచిపోయి. ఎర్లెండ్ తల వంచుకున్నాడు.

"మీ తమ్ముణ్ణి రోజూ మంచం మీంచి లేపేదెవరు?"

"అంటే, అందరం కలిసి..." అన్నాడు రోనల్డ్.

ఎర్లెండ్ తలెత్తి అక్క వైపు చూశాడు. ఓడలో చూసిన చూపే. థోరా ఆ చూపు తప్పించుకోలేదు. లేచి కూర్చుని, అతని వైపే చూస్తూ డాక్టరమ్మకు జవాబు చెప్పింది.

"ఇవాళ పొద్దుటి దాకా నేనేనండి."