గోడ మీద ముప్పై నాలుగు గీతలు

మంగళవారం ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు గెడ్డపేట రైతు దాలయ్య, బొబ్బిలిలో నగరేశ్వరరావు ధాన్యం కొట్టు ముందు, కాటా పక్కన కూలబడి చనిపోయాడు. వయసు యాభై నాలుగు. డాక్టరు గుండెపోటు అని రాశాడు.

దాలయ్యకు రెండున్నర ఎకరాలు. ఎకరం వరి, ఎకరం మొక్కజొన్న, అర ఎకరం వంగతోట. రెండు ఆవులు. విత్తనం, ఎరువు ఆ కొట్టు నుంచే అప్పుకు వస్తాయి. పంట ఆ కొట్టుకే పోతుంది. పద్దు కొట్టు పుస్తకంలో ఉంటుంది. దాలయ్య సొంతంగా పెట్టుకున్న పద్దు ఇంటి తలుపు వెనక గోడ మీద ఉండేది. బస్తా బండి ఎక్కినప్పుడల్లా బొగ్గుతో ఒక గీత. ఈసారి మొక్కజొన్నకు ముప్పై నాలుగు గీతలు.

ఏటా అమ్మవారి పండగలోపే లెక్క తేలేది. ఈసారి నగరేశ్వరరావు రెండుసార్లు వాయిదా వేశాడు. పండగ వచ్చింది. దాలయ్య భార్య గౌరి గోడలకు సున్నం వేసింది.

ఆ మంగళవారం లెక్క చూస్తే కొట్టు పుస్తకంలో ఇరవై ఆరు బస్తాలే ఉన్నాయి. తర్వాత జరిగింది అక్కడున్న ముగ్గురు హమాలీలూ ఒకేలా చెప్పారు.

"ముప్పై నాలుగు బాబూ. గోడ మీద గీసినాను," అన్నాడు దాలయ్య.

"అయితే గోడ పట్టుకురా. ఆటో కిరాయి నేనిస్తాను," అన్నాడు నగరేశ్వరరావు.

కొట్టులో ఉన్నవాళ్లు నవ్వారు.

"మా ఇంటిది సున్నమేసీసింది బాబూ," అన్నాడు దాలయ్య. కాటా పక్కన కూలబడ్డాడు.

మూడో రోజు గౌరి కొబ్బరి చిప్పతో గోడ గీకింది. సున్నంతోపాటు బొగ్గూ రాలింది. తొమ్మిది గీతలు మిగిలాయి.

"నా సేత్తోనే సెరిపీసినాను," అంది.

పదకొండో రోజు భోజనాలయ్యాక ఊరి వాళ్లు లేవలేదు. ఇరవై ఏడు ఇళ్ల వాళ్లున్నారు. దాలయ్య కూతురు ఈశ్వరి పాలకేంద్రంలో రిజిస్టరు రాస్తుంది. ఇంటికో నోటుపుస్తకం పెట్టాలంది. బస్తా ఊళ్లోనే తూచి, రాసి, అప్పుడు బండి ఎక్కించాలంది. ఏ పంటకు ఎంత పెట్టామో, ఎంత వచ్చిందో విడివిడిగా రాయాలంది. ఇంటివాళ్లు చేసిన పని కూడా రాయాలంది.

పొరుగు రైతు కూర్మయ్య నవ్వాడు. "మన సేలో మన పనికి కూలేటే ఈశ్వరీ? రేపు అన్నం తిన్నందుకూ కూలి రాయమంటావేటి?"

"వంగతోట మీద ఏటి మిగిలింది మావా మాకు?"

"మీ అయ్య ఇరవై ఒక్క వేలన్నాడు. మంచి లాభమే."

"అయ్య డెబ్బై రోజులు సేసినాడు. అమ్మ డెబ్బై. ఇరవై ఒక్క వేలని నూటనలభై రోజులకి పంచు. ఎంత పడతాది?"

కూర్మయ్య వేళ్ల మీద లెక్కపెట్టాడు. "నూటయాభై."

"బయట కూలికెళ్తే మూడొందలు. అది లాభం కాదు మావా. మా అయ్యదీ అమ్మదీ కూలి. అదీ సగమే."

కూర్మయ్య తల వంచుకున్నాడు. "మాదీ అంతేనేటే?" అన్నాడు.

మర్నాడు ఇరవై ఏడు నోటుపుస్తకాలు కొన్నారు.

రెండు నెలల తర్వాత, సోమవారం ఉదయం ఎనిమిదింటికి, నలభై ఒక్కమంది కొట్టు ముందు కూర్చున్నారు. తమ పుస్తకం, కొట్టు పుస్తకం లెక్క కలిస్తేనే బస్తా దింపుతామన్నారు. దాలయ్య పద్దు తెరవమన్నారు.

"సచ్చినోడి పద్దు మీకెందుకు?" అన్నాడు నగరేశ్వరరావు.

"ఎనిమిది బస్తాలు బతికే ఉన్నాయి కదేటి!" అంది వెనక నుంచి పద్మకుమారి అనే కౌలు రైతు.

పదిన్నరకు పోలీసులు వచ్చారు. వ్యాపారానికి అడ్డుపడినందుకు కేసన్నారు. ఈశ్వరిని జీపు ఎక్కించారు. ఆమె నోటుపుస్తకం తీసుకున్నారు. మిగిలిన నలభైమంది స్టేషనుకు నడిచి వెళ్లి గేటు ముందు కూర్చున్నారు.

సాయంత్రం ఆరింటికి కూర్మయ్య తన పుస్తకం తీశాడు. తేదీ వేశాడు. సొంత పని, ఒక రోజు, పోలీస్ స్టేషన్ దగ్గర అని రాశాడు. మిగతావాళ్లూ రాశారు.

గౌరికి రాయడం రాదు. కూర్మయ్య పుస్తకం అడిగి తీసుకుంది. ఆఖరి పేజీలో ఒక గీత గీసింది.