శబరి పొంగిన రోజు

నేను ఒక ముసలి లారీని. నా మొదటి యజమాని నాచేత ధాన్యం మోయించాడు. బంపరుకు నిమ్మకాయలు కట్టడం ఏనాడూ మరిచేవాడు కాదు, ఇంజనాయిలు మార్చడం మాత్రం మరిచేవాడు. రెండో ఆయన ఇటుకలు మోయించాడు. స్టార్టు కాకపోతే టైరును తన్నేవాడు. టైరు చేసిన తప్పేమిటో నాకిప్పటికీ తెలియదు. చివరికి కూనవరం దగ్గర వెదురు తోలుకునే జకరయ్య చేతికొచ్చాను.

ఒక ఏడు శబరి నది పొంగింది. తెల్లారేసరికి నీళ్లు ఊళ్లోకి వచ్చేశాయి. జనాన్ని గుట్ట మీది బడికి చేర్చడానికి మిగిలిన బండి నేనొక్కదాన్నే. పిల్లలు, ముసలివాళ్లు, మేకలు, బియ్యం మూటలు అన్నీ నా వీపెక్కాయి. జకరయ్య తాళం తిప్పాడు. సెల్ఫ్ తిరిగింది గానీ ఇంజను అందుకోలేదు.

అతను దిగి ట్యాంకులో పుల్ల ముంచి చూశాడు. డీజిలుంది. ఫిల్టరు మీది నట్టు వదులు చేసి, డీజిలును లాగే చిన్న హ్యాండ్ పంపు కొట్టాడు. డీజిలుకు బదులు నురగ వచ్చింది.

"గాలి పట్టిందే సువార్తా! నేను చెప్పినప్పుడు తిప్పు," అని క్యాబిన్లో ఉన్న భార్యకు కేకేశాడు.

నురగ పోయేదాకా కొట్టి నట్టు బిగించాడు. ఆమె తిప్పింది. నేను లేచి, దగ్గి, ఆగిపోయాను. మళ్లీ నురగే. ట్యాంకు నుంచి వచ్చే గొట్టం ఎక్కడో చిట్లి గాలి పీలుస్తోందని అతనికి అర్థమైంది. ఎక్కడ చిట్లిందో నాకు తెలుసు. చెప్పడానికి నోరేది? బ్యాటరీ నీరసిస్తోంది. నీళ్లు నా వెనక టైర్లను తాకాయి.

"దిగి నడుద్దుమా అయ్యా?" అంది పైనుంచి ముత్తమ్మ అనే ముసలామె.

"దారిలో వాగుంది, కొట్టుకుపోతావే అవ్వా, కూకో!" అన్నాడు జకరయ్య. అతని చేతిలోని పానా జారి నీళ్లలో పడింది. వంగి తడుముకుంటున్నాడు.

సువార్త కిటికీలోంచి తల బయటపెట్టింది. "ట్యాంకు గొట్టం సంగతొదిలెయ్యయ్యా. క్యానులో డీజిలు పట్టి నాకియ్యి, ఒళ్లో పెట్టుకుంటా. పైనుంచి దానంతటదే దిగుద్ది."

"దారంతా గతుకులే. పట్టుకోగలవా?"

"నువ్వు గొట్టం పెట్టు."

పానా దొరకగానే అతను ట్యాంకులోంచి క్యానుకు డీజిలు పట్టి ఆమెకిచ్చి, క్యాబిన్ అడుగున ఉన్న కంతలోంచి వేరే గొట్టం క్యాను నుంచి పంపుదాకా దించాడు. పంపు కొడితే ఈసారి నురగ లేదు. అతనే సీటెక్కి తాళం తిప్పాడు. సెల్ఫ్ మూలిగింది. ఇంకొక్క మూలుగుకు కూడా బ్యాటరీలో ఓపిక లేదనుకుంటుండగా నాలో మంట అంటుకుని ఇంజను అందుకుంది.

వాగు దాటాం. ప్రతి గతుకుకూ డీజిలు చింది సువార్త చీర తడిసింది. గొట్టం మాత్రం ఊడనివ్వలేదు. బడి ముందు అందరూ దిగాక ఆమె చేతులు బిగుసుకుపోయి క్యానును వదల్లేకపోయాయి. జకరయ్య ఒక్కో వేలూ మెల్లగా విడదీశాడు. తర్వాత తాళం మీద చెయ్యి వేసి ఆగాడు.

"ఆపనా?" అన్నాడు.

"వద్దు. కాసేపు మోగనియ్," అంది సువార్త.

ఇప్పుడు నేను పాత ఇనుము కొట్టు వెనక ఉన్నాను. నా ఇంజను ఎవరో కొనుక్కుపోయారు. ఎన్నో ఊళ్లు నా మోతకు చెవులు మూసుకున్నాయి. ఆ పూట మాత్రం పిల్లలు నా బంపరుకు ఆనుకుని, ఆ మోతలోనే నిద్రపోయారు.